భక్తవేషధారి శ్రీ చిత్తూరు నాగయ్య

నవవిధభక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. ఈ రెంటికిని నాదమే ఆధారము. కృష్ణానదీతీరమున ఈ నాదభక్తి ఊరూరను పాదుకొని యున్నది. దివిసీమకు చేరువనున్న శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు కొలువైయున్నాడు. మొవ్వ వేణుగోపాలుని సన్నిధి క్షేత్రయ్య పదములకు పుట్టినిల్లు. కూచిపూడి భాగవతులు భగవత్కథలను ఆడి పాడి తరతరములుగా గ్రామగ్రామమునకు చేర్చిరి. ఈ సీమవారికి పాట వేరు, అభినయము వేరు అను భేదము లేదు. పాడువాడు ఆడుటయు, ఆడువాడు పాడుటయు ఇచ్చట అనాదిగా వచ్చుచున్న సంప్రదాయమే.

కృష్ణ సముద్రమును చేరుటకు ముందు, నదికి పడమటి గట్టున, రేపల్లె యను ఊరు కలదు. ఆ ఊర 1904 మార్చి 28వ తేదీన ఉప్పలదడియం వారి ఇంట నాగయ్యగారు జన్మించిరి. కృష్ణనీటి చలువతో పుట్టినను, వారు పెరిగినది మాత్రము రాయలసీమలోని చిత్తూరు ప్రాంతమున. సంగీతము అబ్బినదియు, రంగస్థలముపై పేరు వచ్చినదియు ఆ ఊరనే యగుటచేత చిత్తూరు నాగయ్యగానే లోకము వారిని ఎరిగినది.

ఒక తరము తెలుగువారు ఆయనను పోతనగా చూచిరి, త్యాగయ్యగా చూచిరి, రామదాసుగా చూచిరి. చూచి ఊరకుండక చేతులు జోడించిరి. పల్లెటూళ్ళ డేరాలలో సినిమా చూచుటకు బండ్లు కట్టుకొని వచ్చిన వృద్ధులు, తెరపై ఆయన కన్నీరు కార్చినపుడు తామును కన్నీరు కార్చిరి. వేషమునకు చేసిన ఆ నమస్కారము ఎవరికి చెందినది? భక్తుని వేషము వేసిన మాత్రమున వేషధారి భక్తుడగునా? ఈ సందేహము ఆనాడే కొందరికి కలిగినది. దానికి వాదములతో సమాధానము చెప్పుట కష్టము. నాగయ్యగారి జీవితమును మొదటినుండి తుదివరకు చూచినవారికి మాత్రము కొంత తెలియవచ్చును.

సంగీతమునుండి రంగస్థలమునకు

ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో తెలుగునాట పద్యనాటకము పరవళ్ళు త్రొక్కుచుండెను. బెజవాడకు చేరువనున్న మైలవరము జమీందారుల పోషణలోని నాటకసమాజము వంటివి ఊరూర తిరిగి ప్రదర్శనము లిచ్చుచుండెను. హార్మోనియము శ్రుతి కలుపగా నటుడు పద్యమును రాగము తీసి పాడవలెను. జనులు మెచ్చినచో ఒకే పద్యమును రెండుమూడు మారులు పాడింతురు. కనుక గొంతులేనివానికి నాటకమున చోటు లేదు. అయినను కచేరీవిద్వాంసులు, ఇంటి పెద్దలు నాటకమును కొంత చిన్నచూపు చూచుచుండిరి. ముఖమునకు రంగు పూసికొనుట మర్యాదస్థులకు తగదను భావము బలముగా నుండెను.

నాగయ్యగారు శాస్త్రీయ సంగీతమును శ్రద్ధతో అభ్యసించిన వారు. వారి గాత్రము పెద్దది కాదు. మిక్కిలి పైకిపోయి సభను అదరగొట్టునదియు కాదు. దానియందు ఒక తడి కలదు. మాటను మాటగా వినిపించుచునే రాగమును నిలుపు నేర్పు కలదు. చిత్తూరులోని రామవిలాససభ నాటకములందు వారు పాల్గొనిరి. స్త్రీపాత్రలను పురుషులే ధరించు ఆ దినములలో సారంగధర నాటకమున చిత్రాంగి పాత్రను ధరించి మెప్పు పొందిరి. గ్రామఫోను రికార్డులలోను వారి పాట వెలువడెను. జాతీయోద్యమము దేశమంతటను వ్యాపించిన ఆ కాలమున ఆ గాలియు వారికి సోకెను. పాట, పాత్ర, దేశభక్తి యను మూడును ఈవిధముగా ఒక్క మనిషియందు చేరెను.

మాటలాడు చిత్రములు

1932లో హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన భక్తప్రహ్లాద మొదటి తెలుగు టాకీ. మన భాషలో తెర మాటలాడుట హరికథతోనే మొదలైనదని వైష్ణవులు సంతోషింపవచ్చును. ఆ రోజులలో ఒకరు పాడగా మరియొకరు పెదవులు కదపు పద్ధతి ఇంకను వాడుకలోనికి రాలేదు. నటించువాడే కెమెరా ముందు నిలిచి పాడవలెను. అందుచేత చిత్రనిర్మాతలు గాయకులను వెదకుచు వచ్చిరి.

ఇది మన ప్రాంతమునకే పరిమితమైన విషయము కాదు. మహారాష్ట్రమున ప్రభాత్ సంస్థవారు 1936లో సంత్ తుకారాం చిత్రమును తీసినపుడు, పాటగాడైన విష్ణుపంత్ పాగ్నీస్ తుకారాముగా నటించెను. తమిళదేశమున ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు 1938లో తుకారాముగాను, దండపాణి దేశికరు 1942లో నందనారుగాను తెరకెక్కిరి. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యము, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వంటి మహావిద్వాంసులును ఆ దారిని కొంత దూరము నడచిరి. వీరిలో పలువురు సినిమాను ఒక విడిది యని తలచి మరల కచేరీపీఠమునకే మరలిరి. నాగయ్యగారు మరలలేదు. సంగీతమును విడువకయే నటనను జీవితమార్గముగా స్వీకరించిరి. ఆ నిర్ణయము వలన కచేరీ సంగీతము ఒక విద్వాంసుని కోల్పోయినదా, భక్తిలోకము ఒక కథకుని పొందినదా అనునది ఆలోచింపదగినది.

1938లో హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన గృహలక్ష్మి వారి తొలిచిత్రము. అందు కన్నాంబ, కాంచనమాల నటించిరి. కల్లు మానుమని జనులకు బోధించుచు నాగయ్యగారు పాడిన పాట ఊరూర మ్రోగినది. మరుసటి సంవత్సరము బి.ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థను స్థాపించి వందేమాతరము తీసిరి. అందు నాగయ్యగారే నాయకుడు, సంగీతదర్శకుడు. 1940లో సుమంగళి యందు కందుకూరి వీరేశలింగము పంతులుగారిని తలపించు సంస్కర్త పాత్రను ధరించిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియారు. తెరపై మాత్రము నెరసిన వృద్ధుడు. యౌవనముననే వృద్ధత్వపు గాంభీర్యమును అభినయించు శక్తి వారికి సహజముగా కలదని లోకమునకు తెలిసెను. 1941లో దేవత వచ్చెను. అటుపిమ్మట వచ్చిన పిలుపు వారి జీవితమునే మలుపు త్రిప్పినది.

బమ్మెర పోతన

వాహినీవారు భక్తపోతన కథను చేపట్టిరి. కె.వి. రెడ్డిగారికి దర్శకుడుగా అది మొదటి చిత్రము. సముద్రాల రాఘవాచార్యులుగారు రచన చేసిరి. నాగయ్యగారు పోతన పాత్రను, సంగీతదర్శకత్వమును వహించిరి.

అది యుద్ధకాలము. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. ఆ భయమున చెన్నపట్టణము చాలవరకు ఖాళీ అయ్యెను. తెలుగు కోస్తాయంతయు రేపేమగునో యని గుండెలు పట్టుకొని యుండెను. అట్టి గడ్డుకాలమున నిర్మాణమును దాటి, 1943 ఆరంభమున భక్తపోతన ప్రేక్షకుల ముందునకు వచ్చెను.

పోతన కథ తెలుగువారి ఇండ్లలో ప్రతి బాలునికి తెలిసినదే. ఆయన హాలికుడు. రామాజ్ఞ అని తలచి భాగవతమును తెనుగించెను. రాజునకు అంకితమిచ్చిన సంపదలు వచ్చును. ఇవ్వనిచో కష్టములు వచ్చును. ఆయన శ్రీరామునకే అంకితమిచ్చెను. ఐశ్వర్యమనుభవించిన శ్రీనాథుడు బంధువై ఎదుట నిలిచి లౌకికమార్గమును చూపినను పోతన చలింపలేదని లోకమున చెప్పుకొందురు. ఈ కథయందు యుద్ధము లేదు, శాపము లేదు. పేదరికమునకును ప్రలోభమునకును మధ్య ఒక గృహస్థుడు నిలిచిన తీరు మాత్రమే కలదు. దానిని తెరపై చూపుట సులభము కాదు. బిగ్గరగా పలికిన కృత్రిమమగును; మెల్లగా పలికిన చప్పబడును.

నాగయ్యగారు నాటకపు పద్ధతిని ఇచ్చట విడిచిపెట్టిరి. పద్యమును సాగదీసి చప్పట్లు కొట్టించుకొను అలవాటును మానిరి. పద్యము పోతన నోట అప్పుడే పుట్టుచున్నట్లు, తనలో తాను అనుకొనుచున్నట్లు పాడిరి. రాగము భావమునకు దాసియై నడచెను. సంగీతవిద్వాంసుడు తన విద్యను చూపుటకు వచ్చిన అవకాశమును తానై వదలుకొనుట చిన్నవిషయము కాదు. విద్యను దాచినపుడే భక్తి బయటపడునని వారు గ్రహించిరి. భాగవతపద్యములను ఇండ్లలో చదువుకొను పద్ధతిపై ఆ చిత్రపు ముద్ర చాలకాలము నిలిచెను. అక్షరము రానివారును ఆ పద్యములను ఆ బాణీలో వల్లించిరి.

ఆ తరువాత నాగయ్యగారు ఎక్కడికి పోయినను జనులు వారిని సినిమానటుడుగా చూడలేదు. పోతనగారు వచ్చిరని మూగిరి. హారతులిచ్చినవారు, పాదములకు మ్రొక్కినవారు కలరు. ఇట్టి గౌరవము మనిషిని రెండువిధముల మార్చగలదు. అది తనదే యని నమ్మినవాడు గర్వించును. అది తాను ధరించిన వేషమునకు చెందినదని యెరిగినవాడు, ఆ వేషమునకు తగినట్లు బ్రతుకవలెనను బరువును మోయును. నాగయ్యగారు రెండవ త్రోవను పట్టిరి. ఆ బరువు వారిని కడవరకు విడువలేదు.

త్యాగరాజస్వామి సేవ

తెలుగువాడై పుట్టి కావేరీతీరమున రామనామమును సంగీతముగా వర్షించిన త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. ఆ ఘట్టమునకు నూరేండ్లు నిండ వచ్చుచున్న తరుణమున, 1946లో, నాగయ్యగారు త్యాగయ్య చిత్రమును తీసిరి. ఇందు వారే నిర్మాత, వారే దర్శకుడు, వారే నటుడు, వారే సంగీతదర్శకుడు.

సంగీతకారుడు సంగీతకారుని పాత్రను ధరించుటలో ఒక చిక్కు కలదు. ప్రేక్షకులు పాటను మెచ్చవచ్చును. పాడినవాని వేదనను మరువవచ్చును. నిధి సుఖమా, రాముని సన్నిధి సుఖమా అను విచారము త్యాగరాజస్వామి జీవితమునకు ఇరుసు. శరభోజి మహారాజు కానుకలను త్యజించుట, అన్న కోపించి పూజావిగ్రహములను కావేరిలో పడవేయుట, వాటికై స్వామి వెదకి వెదకి పరితపించుట యను ఘట్టములను సంప్రదాయము భద్రపరచియున్నది. నాగయ్యగారు కీర్తనలను ఈ ఘట్టములనుండి వేరుచేయక, ఏ వేదనయందు ఏ కృతి పొడమగలదో ఆ చోట దానిని నిలిపిరి. వినువారికి కృతి ఒక కచేరీ అంశముగాక, ఒక మనిషి మొరగా వినబడెను. తెలుగు రాని అరవ, కన్నడ ప్రాంతములవారును ఆ చిత్రమును ఆదరించుటకు ఇది ముఖ్యకారణము.

ఆ చిత్రమువలన వచ్చిన ధనముతో వారు తిరువయ్యారులో త్యాగరాజనిలయమను సత్రమును కట్టించిరి. స్వామి సమాధికి బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ సర్వస్వము వెచ్చించి ఆలయము కట్టించిన ఊరది. ఏటేట ఆరాధనకు వచ్చు గాయకులకును యాత్రికులకును తలదాచుకొన చోటు కావలెను. నాగయ్యగారు తమకు మేడ కట్టుకొనకముందే పరులకు నీడ కల్పించిరి. స్వామి పేరుతో వచ్చినది స్వామి ఊరికే చేరవలెనని తలచిరి కాబోలు.

మరుసటి సంవత్సరము 1947లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున యోగివేమన వెలువడెను. భోగియైన వేమన విరాగియై, తుదకు అన్నిటిని విడిచిపోవు తీరును నాగయ్యగారు చూపిన విధము నేటికిని నటనాభ్యాసకులకు పాఠము. వేమన వైరాగ్యమును వారు ఊహించి నటించినది మాత్రమే కాదు. గృహజీవితమున ఆత్మీయులను కోల్పోయిన దుఃఖము వారికి అనుభవమే. ఆ దుఃఖమున తిరువణ్ణామలైలోని రమణాశ్రమమును ఆశ్రయించి కొంతకాలము గడిపిన సాధకులాయన.

తెలుగునకు వెలుపలను వారి భక్తపాత్రలు కలవు. 1945లో తమిళమున వచ్చిన మీరా చిత్రమున ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు మీరాబాయి కాగా, నాగయ్యగారు రాణాగా నటించిరి. 1948లో తమిళ చక్రధారి యందు పండరీనాథుని భక్తుడైన గోరాకుంభారుగా కనబడిరి. 1950లో వచ్చిన బీదలపాట్లు ఫ్రెంచి నవలాకారుడు విక్టర్ హ్యూగో ప్రసిద్ధ కృతికి తెలుగు రూపము. రొట్టె దొంగిలించి చెరసాలకేగినవాడు పరోపకారిగా మారు కథ. దేశము మారినను, మతము మారినను, నాగయ్యగారికి దొరకిన పాత్రల సారము ఒక్కటే: కష్టములయందు మనిషి మంచితనము నిలుచునా, నిలువదా?

ఘంటసాలకు చేయూత

నాగయ్యగారి సంగీతజీవితమున కృష్ణాజిల్లావారు మరువరాని ఘట్టము మరియొకటి కలదు. గుడివాడ ప్రాంతమున చౌటపల్లిలో 1922లో పుట్టి, విజయనగరమున సంగీతము అభ్యసించి, అవకాశమునకై చెన్నపట్టణము చేరిన యువకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు. 1945లో బి.ఎన్. రెడ్డిగారి స్వర్గసీమకు నాగయ్యగారు కథానాయకులు, సంగీతదర్శకులలో ఒకరు. ఆ చిత్రమున భానుమతిగారితో కలిసి పాడుటకు ఘంటసాలకు అవకాశము లభించినది. నేపథ్యగాయకునిగా ఆయన తొలిపాట అదియే.

లౌకికదృష్టితో చూచిన ఇది ఒక గాయకనటుడు తన కాలమునకు తానే ముగింపు పలికినట్లున్నది. నేపథ్యగానము బలపడిన పిమ్మట నటునికి పాట అవసరము లేదు. పాడలేనివారును నాయకులు కావచ్చును. గానమే ఆస్తిగా తెరకు వచ్చినవారికి అది దెబ్బ. అయినను నాగయ్యగారు కొత్తగొంతును అడ్డగింపలేదు, ఆదరించిరి. పిన్నవాని విద్య వికసించుట చూచి సంతోషించుట పెద్దల ధర్మము. ఆ ధర్మమును తన నష్టమును లెక్కింపక పాటించినవారు అరుదు.

తండ్రి, ముని, మహర్షి

1950ల తరువాత నాగయ్యగారికి నాయకపాత్రలు తగ్గి, తండ్రి, తాత, ముని పాత్రలు వచ్చెను. తెలుగు, తమిళ, కన్నడ భాషలలో వందలాది చిత్రములందు వారు నటించిరి. 1957లో విడుదలైన పాండురంగమహాత్మ్యమున పుండరీకుని తండ్రిగా నటించిరి. తల్లిదండ్రులను తూలనాడి ఇల్లు వెడలగొట్టిన కొడుకు, పశ్చాత్తాపమున వారి పాదసేవయే పరమధర్మమని తెలిసికొని, ద్వారమున నిలిచిన స్వామిని సైతము ఇటుకపై వేచియుండుమని కోరిన కథ అది. అందు తండ్రి ముఖముపై కోపము లేదు. కొడుకు కొట్టిన దెబ్బకంటె, కొడుకు చెడిపోవుచున్నాడను బాధయే కనబడును. పండరియాత్ర చేసిన ఎందరో వృద్ధదంపతులు ఆ ముఖమున తమ కథనే చూచికొనిరి.

1963లో లవకుశ వచ్చెను. పూర్తి రంగులలో వచ్చిన మొదటి తెలుగు చిత్రమది. అందు నాగయ్యగారు వాల్మీకి. సీతమ్మకు ఆశ్రయమిచ్చి, కుశలవులకు రామకథను గానము చేయ నేర్పి, లోకమునకు పంపిన మహర్షి. ఆ చిత్రమునకు సంగీతదర్శకుడు ఘంటసాల. పదునెనిమిదేండ్ల క్రిందట తాను చేయి పట్టి నడిపించిన యువకుడు కూర్చిన బాణీలలో రామాయణగానము సాగుచుండగా, నాగయ్యగారు ఆ గానమునకు గురువైన ముని వేషమున నిలిచిరి. ఆ చిత్రము వచ్చినపుడు పల్లెలు పల్లెలే కదలి పట్టణములకు వచ్చినవని పెద్దలు నేటికిని చెప్పుకొందురు. విజయవాడ తెలుగు చలనచిత్రముల పంపిణీకి ప్రధానకేంద్రము. గన్నవరము, ఉయ్యూరు, గుడివాడ ప్రాంతముల జనులకు తిరునాళ్ళకు పోవుట యెట్టిదో, అట్టి చిత్రములకు పోవుటయు అట్టిదే.

రామదాసు

నాగయ్యగారి మనస్సున చాలకాలముగా ఒక కోరిక కలదు. భద్రాచలరామునకు ఆలయము కట్టించి చెరసాల పాలైన కంచెర్ల గోపన్న కథను తెరకెక్కింపవలెను. పోతన రామునకు కావ్యమిచ్చెను. త్యాగయ్య రామునకు గానమిచ్చెను. గోపన్న రామునకు రాజధనమునే ఇచ్చెను. మొదటి ఇరువురును తమదానిని సమర్పించిరి. గోపన్న తనది కానిదానిని వెచ్చించి, దానికి శిక్ష అనుభవించెను. కనుక ఈ కథయందు ధర్మసందేహము కలదు. గోల్కొండ చెరలో స్వామిని నిందించి, నిందించినందుకు నొచ్చుకొని, మరల వేడుకొన్న ఆర్తియే ఆయన కీర్తనలకు ప్రాణము.

ఈ చిత్రమును నాగయ్యగారు స్వయముగా నిర్మించి, దర్శకత్వము వహించిరి. అప్పటికే వారికి నిర్మాతగా చేదు అనుభవము కలదు. 1953లో తెలుగు తమిళములందు తీసిన నా ఇల్లు ధనము తేలేదు. అయినను వెనుకాడలేదు. రామదాసు నిర్మాణము సంవత్సరముల తరబడి సాగినది. చేతిలోని ధనము కరగినది. తుదకు 1964లో చిత్రము విడుదలైనది. ఆలయము కట్టించి గోపన్న బాకీపడెను. ఆలయము కట్టించిన కథను తీసి నాగయ్యగారును బాకీపడిరి. గోపన్నకు రామలక్ష్మణులు వచ్చి రామటంకములు చెల్లించిరని భక్తులు నమ్ముదురు. నాగయ్యగారి బాకీని తీర్చుటకు ఎవరును రాలేదు.

మరుసటి సంవత్సరము 1965లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించినది.

ఇచ్చిన చేయి

సంపాదన మిక్కుటముగా ఉన్న దినములలో నాగయ్యగారి ఇల్లు సత్రమువలె నుండెడిది. ఆకలిగొన్నవారు, చదువునకు ధనము లేనివారు, అవకాశమునకై ఊరు విడిచి వచ్చిన కళాకారులు ఆ ఇంటి తలుపు తట్టిరి. అడిగినవాడు నిజముగా అవసరము కలవాడా కాదా అని వారు విచారింపలేదు. లెక్క వ్రాసికొనలేదు. దక్షిణదేశమున మిక్కిలి ప్రతిఫలము పొందిన నటులలో ఒకరైన ఆయన వార్ధక్యమున, చిన్నచిన్న వేషములకు వచ్చు కొలది ధనముతో కాలము గడపవలసి వచ్చెను. ఒకనాడు వారి చేతి అన్నము తిన్నవారు అందరును అప్పుడు తోడుండలేదు.

ఇది చెప్పుకొనుట కష్టమే గాని చెప్పక తప్పదు. దానము గొప్ప గుణము. పాత్రాపాత్ర విచక్షణము లేని దానము గృహస్థునకు ముప్పు. తన్ను నమ్ముకొన్న కుటుంబమునకు రేపటి అన్నము ఉంచుటయు ధర్మమే. మన ధర్మశాస్త్రములు గృహస్థుని దానమునకు హద్దులు చెప్పినది ఇందుకే. నాగయ్యగారు ఆ హద్దును పాటింపలేదు. దానిని లోపమని కొందరు అనిరి. నిజమే, లోకవ్యవహారమున అది లోపము. కాని ఆ లోపమునకు కారణమేమి? ధనమును త్యజించిన పోతనను, నిధిని త్రోసిపుచ్చిన త్యాగయ్యను వేలమంది ఎదుట అభినయించి, ఇంటికి వచ్చి పెట్టెకు తాళము వేసికొనుట ఆయన మనస్సునకు ఒప్పలేదు. వేషము ముఖమునుండి తొలగినను మనస్సునుండి తొలగలేదు. ఆయనను పేదవానిగా చేసినదియు, పెద్దవానిగా నిలిపినదియు ఆ ఒక్కటియే.

ఆయన కష్టములను గూర్చి వగచువారు ఒక విషయమును గుర్తింపవలెను. వారు ఎవరిని దూషించుచు తిరుగలేదు. పెద్దవేషము పోయి చిన్నవేషము వచ్చినను వేళకు వచ్చి, పాత్ర ఎంతటిదైనను శ్రద్ధతో చేసిపోయిరి. రెండు మాటలు పలుకు తండ్రి వేషమైనను, ఆయన ముఖము కనబడగానే సభయందు ఒక గౌరవము అలముకొనెడిది.

1973 డిసెంబరు 30వ తేదీన మద్రాసులో నాగయ్యగారు పరమపదించిరి. ఏడువారములైనను గడువకముందే, 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఘంటసాలయు తనువు చాలించిరి. చేయూతనిచ్చిన పెద్దయు, చేయూతనందుకొన్న పిన్నయు ఒకరి వెంట ఒకరు వెడలిపోయిరి. ఘంటసాల చివరిసారిగా పాడి వదలిన భగవద్గీత నేటికిని ఆలయములలో, ఇండ్లలో వినబడుచున్నది. నాగయ్యగారి విగ్రహము చెన్నపట్టణమున త్యాగరాయనగరులోని పానగల్ ఉద్యానవనమున నిలిచియున్నది.

భక్తుని వేషము వేసిన మాత్రమున భక్తుడగునా అను ప్రశ్న మొదట కలిగినది. వేషము వేసిన మాత్రమున కాడు. ఊరూర రామవేషము వేసినవారు ఎందరో కలరు. అందరును ధర్మాత్ములు కారు. అయితే వేషమును నమ్మి మ్రొక్కిన అమాయకుల నమస్కారమునకు తాను ఋణపడితినని తలచి, ఆ ఋణమును తీర్చుటకు జీవితాంతము పాటుపడినవాడు నటుడు మాత్రమే కాడు. ఆ మ్రొక్కులు పోతనకు, త్యాగయ్యకు, వారు కొలిచిన శ్రీరామునకు చెందినవి. నాగయ్యగారు వానిని దాచుకొనక, అందవలసిన చోటికి అందించిన వాహకులు.

ఉత్సవమున స్వామిని మోయు బోయీలను ఎవరును పూజింపరు. కాని వారి భుజములు లేనిదే స్వామి వీధికి రాడు. ఇంటి అరుగుపై కూర్చున్న ముదుసలికి దర్శనము లేదు. నాగయ్యగారి గానమును నటనయు అట్టి భుజములే. కృష్ణాతీరమున పుట్టి, కావేరీతీరమున సత్రము కట్టి, గోదావరీతీరపు రామునకై ఋణపడిన ఈ గాయకుని కథను ఇంటి పిల్లలకు చెప్పుట పెద్దల కర్తవ్యము. భాగవతపద్యము చదువుకొను ప్రతి ఇంటిలోను ఆయనకు కొంత పాలు కలదు.